కారులో శాటిలైట్ రేడియో మాటిమాటికీ ఆగిపోతోందా? తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో కొత్త కారు కొంటే చాలావాటిలో సిరియస్ ఎక్స్‌ఎమ్ శాటిలైట్ రేడియో కొన్ని నెలలు ఉచితంగా వస్తుంది. అలవాటు పడ్డాక డబ్బు కట్టి కొనసాగిస్తాం. ఉచితంగా విన్నన్నాళ్ళూ పట్టించుకోం గానీ, డబ్బు కట్టడం మొదలుపెట్టాక అది ఎక్కడెక్కడ ఆగుతోందో చెవికి బాగా తెలుస్తుంది! డల్లాస్ చుట్టుపక్కల మా తెలుగువాళ్ళలో కార్ల చిన్నా చితకా పనులు చూసిపెట్టేవాడిగా నాకో పేరు పడింది. కాబట్టి ఈ ప్రశ్నలు పెళ్ళి భోజనాల దగ్గర కూడా నన్ను వదలవు. అందరికీ నేను ముందు చెప్పేది ఒకటే. కొత్త యాంటెన్నా కొనకండి. రెండు రోజులు ఊరికే గమనించండి: రేడియో ఎక్కడ ఆగుతోంది, ఎలా ఆగుతోంది?

పాట మధ్యలో గరగర శబ్దం వస్తోంది. శాటిలైట్ సిగ్నల్ వీక్‌గా ఉందా?

లేదు. శాటిలైట్ రేడియో డిజిటల్. వస్తే శుభ్రంగా వస్తుంది, లేకపోతే పూర్తిగా నిశ్శబ్దం. మహా అయితే పోయే ముందు ఒకటి రెండు ముక్కలుగా తెగి వినిపిస్తుంది. గరగర, పక్క స్టేషన్ మాటలు లోపలికి చొరబడటం, ఇవన్నీ ఎఫ్ఎమ్ లక్షణాలు.

మరి మీ కారులో ఎఫ్ఎమ్ ఎక్కణ్ణుంచి వచ్చింది? పాత కారులో డ్యాష్‌బోర్డు మీద అతికించుకునే చిన్న రేడియో పెట్టుకుని ఉంటారు. అది శాటిలైట్ పాటను అందుకుని, కారు స్టీరియోకి ఎఫ్ఎమ్ మీద పంపిస్తుంది. మీరు ఎంచుకున్న ఎఫ్ఎమ్ నంబరులోనే మీ ఊళ్ళో వేరే స్టేషన్ ఉంటే రెండూ కొట్టుకుంటాయి. ఊరు దాటగానే బాగుండి, ఇంకో ఊరు రాగానే మళ్ళీ గరగరలాడుతోందంటే అనుమానమే అక్కర్లేదు, ఇదే కారణం. ఖాళీగా ఉన్న నంబరుకి మార్చుకోవచ్చు. కానీ కారులో ఆక్స్ రంధ్రం ఉంటే ఒక తీగ పెట్టి నేరుగా కలిపేయండి, ఆ పీడ విరగడవుతుంది.

అసలు ఈ సిగ్నల్ ఎక్కణ్ణుంచి వస్తుంది? కొంచెం తెలిస్తే నేనే వెతుక్కుంటాను.

ఇలా అడిగేవాళ్ళంటే నాకు ఇష్టం. ఎక్స్‌ఎమ్ 2001లోనూ, సిరియస్ 2002లోనూ మొదలయ్యాయి. 2008లో రెండూ కలిసిపోయాయి. ఇవి వాడే తరంగాలు 2,320 నుంచి 2,345 మెగాహెర్ట్జ్ మధ్యలో ఉంటాయి. ఉపగ్రహాల్లో భూస్థిర కక్ష్యలోవి భూమధ్యరేఖకి 35,786 కిలోమీటర్ల ఎత్తున, మనకి ఒకేచోట నిలబడ్డట్టు కనిపిస్తాయి.

భూమధ్యరేఖ మనకి దక్షిణాన ఉంది కదా, కాబట్టి అమెరికాలో ఎక్కడున్నా ఆ ఉపగ్రహాలు దక్షిణం వైపు ఆకాశంలోనే ఉంటాయి. డల్లాస్‌లో అయితే నెత్తికీ నేలకీ మధ్య దాదాపు సగం ఎత్తులో. సియాటెల్‌లో ఇంకా కిందికి, సుమారు 25 నుంచి 35 డిగ్రీల ఎత్తులోనే. అందుకే ఉత్తరాది రాష్ట్రాల్లో చెట్లూ మేడలూ ఎక్కువగా అడ్డం వస్తాయి. తూర్పు పడమరలుగా వెళ్ళే వీధిలో, దక్షిణం పక్కన పెద్ద మేడలుంటే వాటి నీడలో మీరు నడుస్తున్నట్టే. నీడ ఎండకే కాదు, సిగ్నల్‌కీ ఉంటుంది.

పెద్ద నగరాల్లో ఈ నీడ సమస్య తీర్చడానికి నేలమీదే ట్రాన్స్‌మిటర్లు కూడా పెట్టారు. వాటిని రిపీటర్లంటారు. ఆకాశం కనిపించని డౌన్‌టౌన్ వీధుల్లో మీకు వినిపించేది చాలావరకు వాటి పుణ్యమే. ఈ విషయం గుర్తుపెట్టుకోండి, కింద పనికొస్తుంది.

ఫ్లైఓవర్ కింద నుంచి వేగంగా వెళ్తే ఏమీ కాదు. అక్కడే సిగ్నల్ లైటు దగ్గర ఆగితే మాత్రం పోతుంది. ఇదేంటి?

మీ రేడియోకి ఏ జబ్బూ లేదు. ఒకే కార్యక్రమాన్ని రెండు దారుల్లో పంపుతారు, అందులో ఒకటి సుమారు 4 సెకన్లు ఆలస్యంగా వస్తుంది. ముందొచ్చింది రేడియో తన దగ్గర దాచుకుంటుంది కాబట్టి రెండు మూడు సెకన్ల అడ్డం వచ్చినా అతుకు కనబడకుండా పాట సాగిపోతుంది. ఎర్రలైటు పడి నిమిషంన్నర అక్కడే నిలబడితే దాచుకున్నదంతా అయిపోతుంది. కొంచెం వెనకే ఆగండి, అంతే.

ఇంటి దగ్గర సరిగ్గా పరీక్షించడం ఎలా?

ఇంటి దగ్గర పరీక్షించకండి. గరాజ్‌లో, చెట్టు కింద, అపార్ట్‌మెంట్ కవర్డ్ పార్కింగ్‌లో చేసిన పరీక్షకి విలువ లేదు. ఆదివారం పొద్దున్నే గుడికో సూపర్‌మార్కెట్‌కో వెళ్తారు కదా, అక్కడ పార్కింగ్‌లో దక్షిణం వైపు ఖాళీగా ఉన్న చివరికి వెళ్ళి ఆపండి. ఫోన్‌లో దిక్సూచి ఉంటుంది, చూసుకోండి. రేడియో ఆన్‌లోనే ఉంచి పది పదిహేను నిమిషాలు ఆగండి.

చాలా రేడియోల్లో సిగ్నల్ చూపించే తెర ఒకటి సెట్టింగ్స్‌లో ఎక్కడో దాక్కుని ఉంటుంది. కారు మాన్యువల్‌లో వెతికితే దారి దొరుకుతుంది. కొన్నింటిలో అక్కడ రెండు గీతలుంటాయి: ఒకటి శాటిలైట్, ఇంకోటి టెరెస్ట్రియల్, అంటే నేలమీది రిపీటర్ల నుంచి వచ్చేది. ఖాళీ ఆకాశం కింద శాటిలైట్ గీత నిండుగా ఉండాలి. అక్కడ కూడా అది నేలకరిచి ఉందంటే తప్పు ఆకాశానిది కాదు, మీ కారుది.

ఊళ్ళో బ్రహ్మాండంగా వస్తుంది. హైవే ఎక్కి ఊరు దాటగానే పోతుంది. నిజానికి అటుది ఇటు ఉండాలి కదా?

ఉండాలి. మీరు చెప్పిన ఈ ఒక్క లక్షణంతోనే దాదాపు తేలిపోయింది. ఊళ్ళో వినిపిస్తున్నది రిపీటర్ సిగ్నల్. దగ్గర్లోనే ఉంటుంది కాబట్టి దాని బలం చాలా ఎక్కువ, యాంటెన్నా సగం చచ్చినా అందుకుంటుంది. ఊరు దాటాక మిగిలేది వేల కిలోమీటర్ల దూరం నుంచి వచ్చే సన్నటి శాటిలైట్ సిగ్నల్ ఒక్కటే, దాన్ని పట్టడానికి యాంటెన్నా, కేబుల్ ఆరోగ్యంగా ఉండాలి. డల్లాస్ నుంచి హ్యూస్టన్ వెళ్ళే ఐ-45 మీద, చుట్టూ చదునైన నేల, మబ్బు లేని ఆకాశం ఉండి కూడా రేడియో మూగబోయిందంటే యాంటెన్నా వైపే చూడండి.

దీనికి తిరగేసి, అంటే హైవే మీద బాగుండి ఊళ్ళో కొన్ని వీధుల్లోనే ఆగుతుంటే అది మేడల నీడ. దానికి మందు లేదు.

తెర మీద 'చెక్ యాంటెన్నా' అని వస్తోంది. మార్చేయాలా?

తొందరపడకండి. ఇందులో నా సొంత కథ ఒకటుంది.

మా దగ్గర వసంతకాలంలో వడగళ్ళు పడతాయి. మామూలు వడగళ్ళు కాదు, ఒక్కొక్కటి నిమ్మకాయంత. ఒక ఏప్రిల్ సాయంత్రం మా వ్యాను పైకప్పు మీద అరవై సొట్టలు పడ్డాయి. ఇన్సూరెన్స్ వాళ్ళు ఒప్పుకున్నాక ఒక షాపులో ఇచ్చాను. వారం తర్వాత నున్నగా అద్దంలా తిరిగొచ్చింది. రేడియో పెడితే 'చెక్ యాంటెన్నా'. షాపువాళ్ళని అడిగితే, 'మేము రేకు పని చేశాం, రేడియో జోలికి పోలేదు' అన్నారు. కొత్త షార్క్ ఫిన్ (పైకప్పు మీద సొరచేప రెక్కలా ఉండే యాంటెన్నా) ధర కనుక్కుంటే గుండె గుభేలుమంది.

అప్పుడు తట్టింది. పెయింటు పోకుండా సొట్ట తీయాలంటే లోపలి నుంచి కడ్డీతో నెట్టాలి. లోపలి నుంచి నెట్టాలంటే పైకప్పు లోపలి గుడ్డ, అదే హెడ్‌లైనర్, దించాలి. దించినప్పుడు యాంటెన్నా తీగలు అడ్డం వస్తే ఊడదీస్తారు. వెనక డోరు తెరిచి, పై అంచున ఉన్న ప్లాస్టిక్ పట్టీ మెల్లగా లాగి, ఫోన్ లైటు వేసి వేళ్ళు లోపలికి పోనిచ్చాను. మూడు తీగలు తగిలాయి. రెండు గట్టిగా బిగించి ఉన్నాయి. మూడోదాని మూతి గాల్లో వేలాడుతోంది. దాని జోడు పక్కనే ఉంది. రెండూ కలిపి నొక్కితే 'టక్' మంది. ముందు సీట్లో కూర్చున్న మా అమ్మాయి, 'నాన్నా, వచ్చింది!' అంది. ఖర్చు సున్నా.

ఆ మెసేజ్ అర్థం ఏమిటంటే, రేడియో అదే కేబుల్ మీద యాంటెన్నాలోని చిన్న యాంప్లిఫయర్‌కి కొంచెం కరెంటు కూడా పంపుతుంది. ఆ కరెంటు అవతల ఎవరూ తీసుకోకపోయినా (తీగ ఊడితే), మరీ ఎక్కువ తీసుకున్నా (తీగ నలిగి షార్ట్ అయితే) అది ఫిర్యాదు చేస్తుంది. కాబట్టి ఈ మధ్య పైకప్పు, వెనక అద్దం, సన్‌రూఫ్, స్టీరియో వీటిలో ఏది ముట్టుకున్నారో ముందు గుర్తు తెచ్చుకోండి.

వాన పడితే శాటిలైట్ టీవీలాగే ఇదీ పోతుందా?

ఇంట్లో డిష్ టీవీ వానకి పోవడం మనందరికీ తెలుసు. దాని తరంగాలు 10 గిగాహెర్ట్జ్‌ల పైమాట, వాన చినుకులు వాటిని బాగా మింగేస్తాయి. రేడియోది 2.3 గిగాహెర్ట్జ్, వాన దాన్ని పెద్దగా ఏమీ చేయలేదు. తడిసిన దట్టమైన చెట్ల కింద మాత్రం కొంత తేడా కనిపిస్తుంది. షార్క్ ఫిన్ మీద తడి మంచు గడ్డకట్టి కూర్చుంటే కూడా. చేత్తో దులిపేయండి, గీకే కర్రతో కొట్టకండి.

కానీ వాన పడిన రోజే పోయి, రెండు రోజులు ఎండ కాశాక మళ్ళీ వస్తోందంటే మాత్రం ఆలోచించాలి. షార్క్ ఫిన్ అడుగున ఉండే రబ్బరు ఎండిపోయి నీళ్ళు లోపలికి దిగుతున్నాయన్నమాట. హెడ్‌లైనర్ మీద అక్కడ గోధుమరంగు మరక ఉందేమో చూడండి. దీన్ని వాయిదా వేయకండి, కనెక్టర్‌కి చిలుము పట్టాక కేబుల్ కూడా మార్చాల్సి వస్తుంది.

ఇండియా వెళ్ళి ఆరు వారాల తర్వాత వచ్చాం. ఇప్పుడు ఛానెల్ 1 తప్ప ఏదీ రావట్లేదు.

వేసవి సెలవుల తర్వాత ప్రతి ఏడూ వచ్చే ప్రశ్న ఇది. ఛానెల్ 1 వస్తోందంటే సిగ్నల్ బాగానే ఉంది, యాంటెన్నా బాగానే ఉంది. మీ రేడియోకి 'ఇతను డబ్బు కట్టాడు' అనే కబురు కూడా ఆకాశం నుంచే వస్తుంది. కారు ఎయిర్‌పోర్టు పార్కింగ్‌లోనో గరాజ్‌లోనో నిద్రపోతుంటే ఆ కబురు అందదు. మధ్యలో సబ్‌స్క్రిప్షన్ గడువు అయిపోయిందేమో ముందు చూసుకోండి. కార్డు మారి డబ్బు కట్ కాకపోవడం కూడా మామూలే.

అన్నీ సరిగ్గా ఉంటే కంపెనీ వెబ్‌సైట్‌లో 'రిఫ్రెష్' సిగ్నల్ పంపమని అడగొచ్చు. దానికి రేడియో ఐడీ కావాలి. ఛానెల్ 0 పెడితే తెర మీద కనిపిస్తుంది. అందులో ఐ, ఓ, ఎస్, ఎఫ్ అక్షరాలు ఉండవు. కాబట్టి 'ఓ' లా కనిపించేది సున్నా, 'ఎస్' లా కనిపించేది 5. ఇది తెలియక మా తోడల్లుడుగారు అరగంట కస్టమర్ కేర్‌తో గొడవపడ్డారు. రిఫ్రెష్ అడిగే ముందు కారు ఆరుబయట ఉండాలి, రేడియో ఆన్‌లో ఉండాలి. చాలామంది గరాజ్‌లో కూర్చుని పంపమంటారు, తర్వాత రాలేదంటారు.

ఒక్క ఛానెల్ మాత్రమే రావట్లేదు, మిగతావన్నీ వస్తున్నాయి.

అది రిసెప్షన్ సమస్య కాదు. మీ ప్లాన్‌లో ఆ ఛానెల్ లేకపోయి ఉండాలి, లేదా దాని నంబరు మారి ఉండాలి.

కొత్తగా డాష్‌క్యామ్ పెట్టించాం. దానికీ దీనికీ సంబంధం ఉంటుందా?

ఉండొచ్చు. చవకరకం డాష్‌క్యామ్‌లు, ఫోన్ ఛార్జర్లు, రంగురంగుల ఎల్ఈడీ దీపాలు, ఇవన్నీ రేడియో తరంగాల్లో చెత్త పోస్తాయి. పరీక్ష సులువే. కారులో సాకెట్లకి గుచ్చినవన్నీ పీకేయండి. స్విచ్ ఆఫ్ చేస్తే చాలదు, ఛార్జర్‌ని సాకెట్ నుంచే బయటికి తీయాలి, ఎందుకంటే గోల చేసేది చాలాసార్లు ఛార్జరే. తర్వాత ఒక్కొక్కటే గుచ్చుతూ సిగ్నల్ తెర చూడండి. దొంగ దొరికితే మంచి ఛార్జర్ కొనండి, లేదా డాష్‌క్యామ్ తీగని యాంటెన్నా కేబుల్‌కి దూరంగా వేరే వైపు నుంచి తీసుకెళ్ళండి. వెనక అద్దానికి రెండో కెమెరా పెట్టించినవాళ్ళు దీన్ని తప్పకుండా చూడాలి. దాని తీగ సరిగ్గా షార్క్ ఫిన్ కింద నుంచే పోతుంది.

రోజూ ఆఫీసుకి వెళ్ళే దారిలో ఒకేచోట, వంద గజాల మేర ఆగుతుంది. అక్కడ చెట్టూ లేదు, మేడా లేదు.

తల పైకెత్తి చూడండి, సెల్ టవర్ ఉందా? శాటిలైట్ రేడియోకి అటూ ఇటూ, అంటే 2,305-2,320, 2,345-2,360 మెగాహెర్ట్జ్‌లలో మొబైల్ కంపెనీలకి చోటుంది. పక్కింట్లో డీజే పెడితే మనింట్లో రేడియో వినిపించనట్టు, టవర్ పక్కన ఆ బలానికి మీ రిసీవర్ ఉక్కిరిబిక్కిరై మూగబోతుంది. ఈ గొడవ ముదిరి 2012లో ఎఫ్‌సీసీ, అంటే అమెరికాలో రేడియో తరంగాల మీద పెత్తనం ఉన్న ప్రభుత్వ సంస్థ, నియమాలు మార్చి మధ్యలో కొంత ఖాళీ ఉంచేలా చేసింది. అయినా అక్కడక్కడా మిగిలే ఉంది. రేడియో కంపెనీకి ఆ స్థలం చెప్పి ఫిర్యాదు చేయండి. దీనికోసం యాంటెన్నా మార్చడం శుద్ధ దండగ.

స్మోకీ మౌంటెన్స్ ట్రిప్‌కి పైన లగేజీ పెట్టె బిగించాం. అప్పటినుంచీ...

చెప్పక్కర్లేదు. పెట్టె షార్క్ ఫిన్ కంటే ఎత్తుగా, దానికి ఆనుకుని ఉంది. వీలైనంత ముందుకి జరపండి. సైకిళ్ళు, పరుపులు, చిన్న పడవలూ అంతే. ఇక కొండ దారుల్లో దక్షిణం పక్కన కొండ ఉన్నంతసేపూ పెట్టె తీసేసినా రాదు.

బయట కొన్న అయస్కాంతం యాంటెన్నా ఎక్కడ పెట్టాలి?

పైకప్పు మీద, వెనక భాగాన, మధ్యలో. చుట్టూ కొన్ని అంగుళాల రేకు ఉండాలి. ఆ రేకు కూడా యాంటెన్నాలో భాగంలా పనిచేస్తుంది. డ్యాష్‌బోర్డు మీద పెడితే సగం ఆకాశం కారు పైకప్పే కప్పేస్తుంది, పైగా ఎండని ఆపే లోహపు పూత ఉన్న అద్దమైతే మిగతా సగమూ పోతుంది. అద్దపు పైకప్పు, అల్యూమినియం బాడీ ఉన్న కార్లకి అయస్కాంతం అంటుకోదు, కొనేముందే చూసుకోండి.

కేబుల్‌ని తలుపు సందులో నలగనివ్వకండి. రబ్బరు పట్టీ కింద దూర్చి తీసుకెళ్ళాలి. పొడుగు ఎక్కువైందని కత్తిరించి టేపు చుట్టేవాళ్ళున్నారు. ఇంట్లో కరెంటు వైరుకి అది చెల్లుతుందేమో గానీ దీనికి చెల్లదు, అక్కడితో సిగ్నల్ సగం పోతుంది. మిగిలింది చుట్ట చుట్టి సీటు కింద పడేయండి.

షార్క్ ఫిన్‌కి క్రోమ్ తొడుగులు, లోహపు మెరుపు ఉన్న పెయింటు వేయించడం కూడా మానుకోండి.

సిగ్నల్ నిండుగా ఉంది, కానీ గొంతులు బిందెలోంచి మాట్లాడినట్టున్నాయి.

ఉన్న కొద్దిపాటి జాగాలో అన్ని ఛానెళ్ళు ఇరికించాలి కాబట్టి ధ్వనిని బాగా కుదిస్తారు. మాటల ఛానెళ్ళకి ఇంకా తక్కువ ఇస్తారు. రిసెప్షన్‌తో సంబంధం లేదు. అదే ఛానెల్‌ని ఫోన్ యాప్‌లో వింటే తేడా తెలుస్తుంది.

కొత్త కార్లలో ఈ బాధ లేదంటారు, నిజమేనా?

కొంతవరకు. 360ఎల్ అనే పద్ధతి 2019 మోడల్ రామ్ 1500 పికప్ ట్రక్కుతో మొదలైంది. ఉపగ్రహంతో పాటు కారులోని ఇంటర్నెట్ కనెక్షన్ కూడా వాడుకుంటుంది. ఒకటి అందకపోతే చాలా ఛానెళ్ళకి రెండోదానికి మారుతుంది. కానీ సెల్ సిగ్నలూ లేని కొండల్లో రెండూ ఉండవు. ఇంకో చిక్కు కూడా ఉంది. యాంటెన్నా పాడైనా స్ట్రీమింగ్ కప్పిపుచ్చుతుంది కాబట్టి మీకు నెలల తరబడి తెలియకపోవచ్చు. సిగ్నల్ తెర అప్పుడప్పుడూ చూస్తుండండి.

హవాయీ వెళ్తున్నాం, అక్కడ అద్దెకారులో వస్తుందా?

ఉపగ్రహం నుంచి రాదు. యాప్‌లో వినాల్సిందే.

ఇక్కడి కారు రేడియోని హైదరాబాద్ తీసుకెళ్తే పనిచేస్తుందా?

చేయదు. ఆ ఉపగ్రహాల చూపు ఉత్తర అమెరికా మీదే. ఇండియాలో వరల్డ్‌స్పేస్ అనే శాటిలైట్ రేడియో ఒకప్పుడు ఉండేది. 2000లో ఎగిరిన ఆసియాస్టార్ ఉపగ్రహం నుంచి వచ్చేది, తెలుగుకి 'స్పందన' అనే ఛానెల్ కూడా ఉండేది. కిటికీ దగ్గర యాంటెన్నా పెట్టి, దాన్ని అటూ ఇటూ తిప్పుతూ, 'ఆఁ, అక్కడే ఉంచు, కదపకు!' అని అరుచుకున్నవాళ్ళు ఇది చదువుతూ నవ్వుకుంటుంటారు. 2009 డిసెంబరు 31తో అది మూతపడింది.

అన్నీ చేశాను, లాభం లేదు. షాపులో ఏమని చెప్పాలి?

'రేడియో పనిచేయట్లేదు' అని మాత్రం అనకండి. గంటల లెక్కన డబ్బు తీసుకుని మీకు తెలిసిందే మళ్ళీ చెబుతారు. ఖాళీ ఆకాశం కింద సిగ్నల్ తెర ఫోటో, మెసేజ్ ఫోటో, ఎప్పటినుంచి మొదలైంది, అంతకుముందు కారుకి ఏ పని చేయించారు, ఇవి ఒక కాగితం మీద రాసివ్వండి. నావిగేషన్ కూడా దారి తప్పుతోందా అన్నది తప్పక చెప్పండి. జీపీఎస్ యాంటెన్నా చాలా కార్లలో అదే షార్క్ ఫిన్‌లో ఉంటుంది. రెండూ ఒకేసారి పోతే ముందు ఫిన్ విప్పుతారు. రేడియో ఒక్కటే పోతే కేబుల్, ఫ్యూజ్, కొన్ని కార్లలో డిక్కీ పక్కన ఉండే ట్యూనర్ డబ్బా చూస్తారు. కొత్త యాంటెన్నా శాశ్వతంగా బిగించే ముందు, ఇంకో మంచి యాంటెన్నాని తాత్కాలికంగా తగిలించి చూపించమనండి. ఐదు నిమిషాల పని. దాంతో గీతలు లేవకపోతే, యాంటెన్నాకి డబ్బు కట్టకండి.